పగటికలల్లోకి పారిపోతే కష్టం ఎక్కడికి పోతుంది?

ఇంట్లో అప్పుల గోల, ఆఫీసులో మేనేజర్ గోల, పెళ్ళెప్పుడని అడిగే చుట్టాల గోల, ఇవన్నీ మోసుకుని రాత్రి మంచం ఎక్కాక లైట్ ఆపేసి ఇంకో జీవితంలోకి వెళ్ళిపోవడం మనలో చాలామంది చేసే పనే. ఆ జీవితంలో అప్పులన్నీ తీరిపోయి ఉంటాయి, ఒకప్పుడు మనల్ని తీసిపారేసిన బాబాయి మనింటికొచ్చి సోఫా అంచున ఒదిగి కూర్చుని ఉంటాడు, మనం ఏమీ గుర్తులేనట్టు కాఫీ తీసుకోండి బాబాయ్ అంటాం. ఈ సీన్ ఎన్నిసార్లు వేసుకున్నా విసుగు రాదు. ఎవరికీ చెప్పుకోం కూడా, నవ్వుతారని.

దీని గురించి మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి. స్కూల్ ఫంక్షన్లో మైక్ పట్టుకున్న ప్రతివాళ్ళూ కలాం గారిని తలుచుకుని కలలు కనండి అంటారు, అదే పిల్లాడు ఇంటికొచ్చి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని వాళ్ళమ్మ అంటుంది. ఇద్దరూ చూస్తున్నది ఒక్కటే, కల పెద్దదా చిన్నదా, అది తీరేదేనా అని. నాకు మాత్రం అడగాల్సినవి వేరే రెండున్నాయనిపిస్తుంది: మనం ఏ కష్టం నించి పారిపోతున్నామో ఆ కష్టాన్ని ఆ ఊహలోకి కాస్తైనా రానిస్తున్నామా, పైగా ఆ కష్టం మన చేతిలో ఉన్నదేనా. ఈ రెండిటి మీదే ఊహ మనకి మందులా పనిచేస్తుందా, మన టైం తినేస్తుందా అన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఎందుకంటున్నానో చెప్తా.

ముందు, మనసు ఇలా పక్కకి పోవడం ఎంత మామూలో చూడండి. 2010లో హార్వర్డ్‌లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ అనే ఇద్దరు ఐఫోన్ యాప్ ద్వారా 2,250 మందిని రోజులో ఎప్పుడు పడితే అప్పుడు అడిగారు, ఇప్పుడేం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా, సంతోషంగా ఉన్నారా అని. దాదాపు 47 శాతం సార్లు మనసు చేసే పని మీద లేదు! అంటే మెలకువగా ఉన్న టైంలో ఇంచుమించు సగం. ఇక్కడ ఇంకో సంగతి కూడా తేలింది, హాయైన ఊహల్లోకి వెళ్ళినప్పుడు కూడా జనం చేసే పని మీద మనసు పెట్టినప్పటికన్నా ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు, చేదు ఆలోచనల్లోకి పోయినప్పుడైతే బాగా తక్కువ. ఊహలో స్వర్గం ఉంటుందని మనం అనుకునేదానికీ, అడిగిన నిమిషంలో జనం చెప్పిందానికీ పొంతన లేదన్నమాట. మెదడు స్కాన్లు చేసేవాళ్ళు కూడా ఇదే దారికొచ్చారు, ఏ పనీ అప్పజెప్పకుండా మనిషిని ఊరికే పడుకోబెడితే మెదడు ఆగిపోదు, కొన్ని భాగాలు కలిసి ఇంకా జోరుగా పనిచేస్తుంటాయి, 2001లో మార్కస్ రైకల్ బృందం దానికి డిఫాల్ట్ మోడ్ అని పేరు పెట్టింది. పాత జ్ఞాపకాలు, రేపటి సంగతులు, ఎదుటివాళ్ళు మన గురించి ఏమనుకుంటున్నారో అన్న గుబులు, ఇవి తిరిగేది ఎక్కువగా అక్కడే. కాబట్టి ఊహించుకోవడం మానెయ్యి అని ఎవరికైనా చెప్పడం జరిగే పని కాదు.

యేల్ యూనివర్సిటీలో జెరోమ్ సింగర్ అనే సైకాలజిస్ట్ పగటికలల మీదే ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఆయన చెప్పినదాన్ని బట్టి మూడు రకాలు కనిపిస్తాయి. కొందరివి సరదాగా, ప్లాన్లు వేసుకుంటూ సాగేవి, కొందరివి భయం, అపరాధభావం, ఓడిపోయిన సీన్లే తిప్పి తిప్పి చూపించేవి, ఇంకొందరివి ఏదీ నిలవకుండా గెంతేవి. మొదటి రకం మనిషికి మేలే చేస్తుందని ఆయన గట్టిగా వాదించాడు, అప్పటిదాకా పగటికల అంటే ఏదో జబ్బులా చూసిన రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఉదాహరణకి వస్తా, కొంచెం వివరంగా చెప్పాలి. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌లో హవర్త్ అనే కొండ ఊరు, అక్కడ చర్చి పాస్టర్ గారి ఇల్లు, తర్వాత రచయిత్రులైన బ్రాంటీ అక్కచెల్లెళ్ళ కుటుంబం. 1821లో తల్లి పోయింది. కొన్నాళ్ళకి నలుగురు ఆడపిల్లల్ని కోవన్ బ్రిడ్జ్ అనే ఊళ్ళో బోర్డింగ్ స్కూల్లో వేశారు, అక్కడ తిండి చాలక, చలికి తట్టుకోలేక పెద్ద పిల్లలిద్దరికీ క్షయ ముదిరింది, 1825లో కొద్ది వారాల తేడాలో ఇద్దరూ చనిపోయారు. మిగిలిన నలుగురు పిల్లల్లో పెద్దది షార్లెట్, తొమ్మిదేళ్ళది. ఆ మరుసటేడు తండ్రి కొడుకు బ్రాన్‌వెల్ కోసం 12 చెక్క సిపాయి బొమ్మలు తెచ్చాడు, పిల్లలు ఒక్కో బొమ్మకి ఒక్కో పేరు పెట్టుకున్నారు, ఆ బొమ్మలకి ఒక దేశం, ఆ దేశానికి రాజధాని, యుద్ధాలు, పార్లమెంటు, పత్రికలు, ఇలా మొదలైంది ఆగలేదు. అగ్గిపెట్టె సైజు పుస్తకాలు కుట్టుకుని, కంటికి ఆనని అక్షరాలతో ఆ దేశపు వార్తలు రాసేవాళ్ళు. ఇంట్లో ఇన్ని చావులు చూసిన పిల్లలకి ఆ లోకం ఎంత అవసరమో వేరే చెప్పాలా, వాళ్ళ చేతిలో ఉన్న కష్టమా అది?

ఐతే పిల్లలు పెద్దయ్యారు, ఊహ మాత్రం వదల్లేదు. షార్లెట్ 19 ఏళ్ళకి రో హెడ్ అనే చోట స్కూల్ టీచర్‌గా చేరింది. పొద్దుటినించి సాయంత్రం దాకా గ్రామర్ చెప్పడం, కుట్లు అల్లికలు చూడటం, మధ్యలో కాస్త ఖాళీ దొరికితే కళ్ళు మూసుకుని అంగ్రియా అనే తన ఊహా రాజ్యంలోకి, అక్కడి డ్యూకులు, మేడలు, ప్రేమలు. డైరీలో రాసుకుంది, ఒకరోజు అలా ఆ లోకంలో మునిగి ఉండగా ఒక పిల్ల పాఠం పట్టుకుని వచ్చిందట, ఆ క్షణంలో వాంతి వచ్చేంత పనైంది అని. ఈ మాట చదివినప్పుడల్లా నేను ఆ పిల్ల గురించి కూడా ఆలోచిస్తాను, పాపం దానికేం తెలుసు. ఊహ ఎంత తియ్యగా ఉంటే ముందున్న జీవితం అంత చేదవుతుంది, అంత చేదైతే ఇంకా లోపలికి పోవాలనిపిస్తుంది, ఆ చక్రంలో ఆ అమ్మాయి సరిగ్గా ఇరుక్కుంది. అప్పట్లో ఆస్థానకవి రాబర్ట్ సౌథీకి తన కవితలు పంపి సలహా అడిగితే 1837లో ఆయన జవాబిచ్చాడు, నువ్వు అలవాటుగా కనే ఈ పగటికలలు నీ మనసుని పాడుచేస్తాయి, పైగా సాహిత్యం ఆడవాళ్ళ పని కాదు అని. రెండో మాట ఎంత దారుణమో మనకి తెలుసు, మొదటి మాటలో మాత్రం కొంత నిజం ఉంది.

రెండేళ్ళ తర్వాత, 23 ఏళ్ళప్పుడు, షార్లెట్ అంగ్రియాకి వీడ్కోలు చెప్తూ ఒక చిన్న రాత రాసింది. ఊహించడం మానెయ్యలేదు, ఊహలోకి ఎవరిని రానివ్వాలో మార్చుకుంది. 1847లో వచ్చిన ఆమె నవల జేన్ ఐర్‌లో డచెస్‌లు హీరోయిన్లు కారు, అందం లేని, డబ్బు లేని, తల్లీదండ్రీ లేని ఒక గవర్నెస్, అంటే డబ్బున్న ఇళ్ళలో ఉండి పిల్లలకి చదువు చెప్పే అమ్మాయి, హీరోయిన్. షార్లెట్ తను కూడా గవర్నెస్‌గా చేసి విసిగిపోయిన మనిషే. అక్కల ప్రాణం తీసిన ఆ బోర్డింగ్ స్కూల్ కూడా వేరే పేరుతో అందులోకి వచ్చేసింది. ఇన్నేళ్ళూ ఏ జీవితం నించి పారిపోయిందో దాన్నే లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. నా వాదనకి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు కనపడలేదు.

అదే ఇంట్లో షార్లెట్ చెల్లెలు ఎమిలీకి ఊహాలోకం వల్ల ఏ ఇబ్బందీ రాలేదు, 1845లో చెల్లెలితో కలిసి యార్క్ వెళ్తూ దారిపొడుగునా తమ గోండల్ రాజ్యపు పాత్రల్లా మాట్లాడుకున్నామని సంతోషంగా రాసుకుంది, ఆ ప్రయాణం నాటికి ఆమెకి 26 ఏళ్ళు. బ్రాన్‌వెల్ మాత్రం ఊహల్లోని తన పాత్ర పేరుతోనే పత్రికలకి కవితలు పంపుతూ, తాగుడు, నల్లమందు అలవాటై 31 ఏళ్ళకే పోయాడు. దానికి ఊహలే కారణం అనలేం. ఒకే ఇంట్లో మొదలైన ఊహ, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా పనిచేసిందని మాత్రం అనొచ్చు.

ఇక మన దగ్గరికొద్దాం. అమీర్‌పేటలో నలుగురు ఉండే షేరింగ్ రూం, రెండంతస్తుల మంచం, కోర్సు అయిపోయి ఖాళీగా ఉన్న కుర్రాడు పైమంచం మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫ్యాను చూస్తూ పడుకున్నాడు. లోపల వాడికి ఆఫర్ లెటర్ వచ్చేసింది, నాన్నకి ఫోన్ చేసి చెప్తున్నాడు, నాన్న మాట పెగలక ఆగిపోయాడు, అమ్మ ఫోన్ లాక్కుంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరుగుతాయి, నిజంగానే. ఆ తర్వాత లేచి రెజ్యూమె పంపాలంటే ఒంట్లో శక్తి ఉండదు, ఎందుకు? గాబ్రియెల్ ఓటింగెన్ అనే జర్మన్ సైకాలజిస్ట్ చాలా ఏళ్ళుగా తవ్వుతున్నది సరిగ్గా ఈ ప్రశ్ననే. జర్మనీలో చదువు అయిపోతున్న స్టూడెంట్లని ఉద్యోగం గురించి ఎంత తియ్యగా, ఎంత తరచుగా ఊహించుకుంటున్నారో అడిగి, రెండేళ్ళ తర్వాత మళ్ళీ అడిగితే, ఎక్కువ ఊహించుకున్నవాళ్ళు తక్కువ అప్లికేషన్లు పెట్టారు, తక్కువ ఆఫర్లు వచ్చాయి, జీతం కూడా తక్కువే. బరువు తగ్గే ప్రోగ్రాంలో చేరిన 25 మంది ఆడవాళ్ళతో 1991లో వచ్చిన స్టడీలో కూడా ఇదే, సన్నబడ్డ తమని తియ్యగా ఊహించుకున్నవాళ్ళు తక్కువ తగ్గారు.

అక్కడొక మెలిక ఉంది, అది వదిలేస్తే మొత్తం తప్పుగా అర్థమవుతుంది. నాకు ఉద్యోగం వస్తుందన్న నమ్మకం ఉన్నవాళ్ళకి మేలే జరిగింది. నమ్మకం వేరు, ఊహ వేరు. నమ్మకం మన పాత అనుభవం మీద నిలబడుతుంది, ఇదివరకు మూడు ఇంటర్వ్యూలు బాగా చేశాను కాబట్టి నాలుగోది కూడా చేస్తా అన్నట్టు. ఊహకి ఆ ఆధారం అక్కర్లేదు, నేరుగా ఆఫర్ లెటర్ దగ్గరికి దూకేస్తుంది. 2011లో ఓటింగెన్, హీథర్ కాపెస్ కలిసి చేసిన ప్రయోగాల్లో తియ్యటి ఊహ తర్వాత పై బీపీ కొంచెం దిగింది, అంటే ఒళ్ళు పనికి సిద్ధమయ్యే బదులు సేద తీరింది. ఊహలో గెలిచేశాం కాబట్టి శరీరం కూడా గెలిచేశామనుకుని వదులైపోతుంది. వాడి బద్ధకం అని ఇంట్లో తిట్టేది చాలాసార్లు ఇదే, తిట్టి ప్రయోజనం లేదు.

పంచతంత్రంలో పిండికుండ బ్రాహ్మడి కథ మనందరికీ తెలుసు. బిచ్చమెత్తి తెచ్చిన పిండితో కుండ నింపి మంచం పైన వేలాడదీసి, కింద పడుకుని, కరువొస్తే దీన్ని అమ్మి మేకలు, మేకలమ్మి ఆవులు, గేదెలు, గుర్రాలు, మేడ, పెళ్ళాం, కొడుకు సోమశర్మ, మాట వినని పెళ్ళాన్ని తన్నబోయి కుండ తన్నాడు. పెళ్ళాన్ని తన్నడం గురించి చెప్పాల్సింది చాలా ఉంది, అది ఇంకోసారి. నేను గమనించమనేది ఏమిటంటే ఆయన ఊహలో ఒక్క మేక కూడా చావలేదు. మేకల్ని పెంచిన ఇల్లు ఏదైనా అడగండి, వానాకాలం ఎన్ని పోతాయో, జబ్బొస్తే మంద మందే ఎలా కూలిపోతుందో చెప్తారు. ఆ బ్రాహ్మడు మేకలకి జబ్బొస్తే ఏం చెయ్యాలి అని ఒక్క నిమిషం ఊహించుకుని ఉంటే అదే పగటికల ప్లాన్ అయ్యేది. ఓటింగెన్ చెప్పే చిట్కా కూడా ఇదే, కోరిక తల్చుకో, అది తీరితే ఎలా ఉంటుందో కళ్ళారా చూసుకో, వెంటనే నాలో అడ్డం పడేది ఏంటో దాన్ని కూడా అంతే స్పష్టంగా చూడు, ఆ అడ్డం వచ్చినప్పుడు ఏం చేస్తానో ముందే అనుకో. అమీర్‌పేట కుర్రాడి విషయంలో ఆ అడ్డం చాలాసార్లు ఇంగ్లిష్‌లో మాట్లాడాలన్న భయం, లేదా మొన్నటి రిజెక్షన్ మెయిల్ చూసినప్పటి సిగ్గు. అడ్డం నిజంగా దాటలేనిదని తేలితే ఆ కోరిక వదిలేసి ఇంకోటి పట్టుకోవడం కూడా లాభమే.

ఇక్కడిదాకా చదివి, అయితే కష్టాన్ని మర్చిపోవడానికి కాసేపు హాయిగా ఊహించుకోవడం కూడా తప్పేనా అనొచ్చు. కాదు, రెండో ప్రశ్న ఉన్నది అందుకే. కష్టం మన చేతిలో లేనప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది. వియన్నా డాక్టర్ విక్టర్ ఫ్రాంకల్ 1944లో ఖైదీగా ఆష్విట్జ్‌కి, అక్కణ్ణించి ఇంకో నాజీ క్యాంపుకి వెళ్ళినవాడు. చలిలో పుండ్లు పడ్డ కాళ్ళతో పనికి నడుస్తూ, ఈ సిగరెట్ ఇచ్చి సూప్ తీసుకోవాలా, తెగిన లేసు బదులు వైరు ముక్క ఎక్కడ దొరుకుతుంది, ఇవే ఆలోచనలు తిరుగుతుంటే తన మీద తనకే రోత పుట్టి, బలవంతంగా ఒక సీన్ ఊహించుకున్నాడట. వెచ్చటి హాల్, మంచి లైట్లు, మెత్తటి కుర్చీల్లో జనం, స్టేజి మీద తను, మాట్లాడుతున్న టాపిక్ ఏమిటంటే కాన్సంట్రేషన్ క్యాంపులో మనిషి మనసు. అప్పుడు అనుభవిస్తున్న నరకమే ఆ ఊహలో ఆయన చెప్పే పాఠం అయిపోయింది. ఇంకోరోజు చీకట్లో నడుస్తూ భార్యతో మాట్లాడుతున్నట్టు ఊహించుకున్నాడు, ఆవిడ బతికుందో లేదో కూడా ఆయనకి తెలీదు. ఆ రెండో ఊహలో కష్టం లేదు, ప్లాన్ లేదు, ఒట్టి ప్రేమే ఉంది. దాన్ని టైం వేస్ట్ అనడానికి ఎవరికి నోరొస్తుంది? చెయ్యగలిగింది ఏమీ లేని చోట మనిషి మనిషిలా మిగలడమే పెద్ద పని.

గల్ఫ్‌లో క్యాంపు రూముల్లో ఉండే మన జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళని అడిగితే ఈ తేడా బాగా చెప్తారనుకుంటాను. పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర ఉండిపోయి, కాంట్రాక్టు అయ్యేదాకా కదల్లేని మనిషి రాత్రిపూట ఊళ్ళో కట్టబోయే ఇంటిని స్లాబు వేసేదాకా, గేటు రంగుదాకా ఊహించుకుంటే అది ఆ రోజుని దాటిస్తుంది. అదే మనిషికి అనారోగ్యమో, జీతం రాకపోవడమో ఉండి, ఎంబసీకి ఫోన్ చేసే వీలుండి కూడా ఆ ఫోన్ చెయ్యకుండా ఇంటి ఊహలోనే ఉండిపోతే అది వేరే సంగతి. ఊహ ఒక్కటే, పరిస్థితి మారింది.

నార్వేలో ఫ్రోడె స్టెన్సెంగ్ అనే సైకాలజిస్ట్ దీన్నే ఇంకో వైపు నించి చూశాడు, మనం హాబీల్లోకి, ఆటల్లోకి, సినిమాల్లోకి తప్పించుకుపోయేటప్పుడు కొందరు ఏదో పొందడానికి పోతారు, కొందరు తమని తాము మర్చిపోవడానికి పోతారు, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటివాళ్ళు తిరిగొచ్చాక బాగుంటారు, రెండోవాళ్ళు చాలాసార్లు ఉండరు.

నిద్రలో వచ్చే కలల సంగతి కూడా చెప్పుకోవాలి, వాటి మీద మనకి పట్టు లేదనుకుంటాం గానీ అక్కడ కూడా ఇదే సూత్రం కనిపించడం నాకు భలే ఆశ్చర్యం. చికాగోలో రోజలిండ్ కార్ట్‌రైట్ అనే ఆవిడ విడాకులతో కుంగిపోయినవాళ్ళ కలల్ని ల్యాబ్‌లో గమనించింది, మాజీ భర్తో భార్యో కలలోకి వచ్చినవాళ్ళు, ఆ కలల్లో కోపమో దుఃఖమో గట్టిగా ఉన్నవాళ్ళు ఏడాది తర్వాత బాగా కోలుకున్నారు. కష్టం కలలోకి రావడం వాళ్ళకి మంచే చేసినట్టుంది. ఐతే అదే పీడకల మళ్ళీ మళ్ళీ వస్తుంటే? దానికి ఇమేజరీ రిహార్సల్ అని ఒక వైద్యం ఉంది. పీడకలని పగటిపూట రాసుకోవాలి, దాన్ని నీకు నచ్చినట్టు మార్చుకోవాలి, ముగింపే మార్చు, మధ్యలో ఒక మనిషినే పెట్టు, ఏదైనా, ఆ కొత్త కలని రోజూ కొన్ని నిమిషాలు కళ్ళు మూసుకుని నడిపించుకోవాలి. 2001లో బారీ క్రాకో బృందం లైంగిక దాడికి గురైన 168 మంది ఆడవాళ్ళ మీద చేసిన ట్రయల్లో దీనివల్ల పీడకలలు బాగా తగ్గాయి. ఊహతో చేసే వైద్యం అంటే ఇదీ, భయాన్ని పక్కకి నెట్టకుండా దాంతోనే పనిచెయ్యడం.

ఇక చివరి విషయం, ఇది కొంతమందికి చాలా అవసరం. ఊహ చెయ్యి దాటిపోయే పరిస్థితి ఒకటుంది. ఇజ్రాయెల్‌లో హైఫా యూనివర్సిటీకి చెందిన ఎలీ సోమర్ తన దగ్గరికి వచ్చిన ఆరుగురు పేషెంట్లని చూసి 2002లో దానికి మాలడాప్టివ్ డేడ్రీమింగ్, అంటే చేటు చేసే పగటికలలు, అని పేరు పెట్టాడు. వీళ్ళ ఊహలు సీరియల్ లాగా ఏళ్ళ తరబడి సాగుతాయి, పాత్రలు పెరిగి పెద్దవుతాయి, పాట పెట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూనో, చేతిలో ఏదో తిప్పుతూనో గంటలు గంటలు అందులో ఉంటారు, పెదాలు కదులుతాయి, ముఖంలో నవ్వు, ఏడుపు వస్తాయి. అది నిజం కాదని వాళ్ళకి పూర్తిగా తెలుసు, పిచ్చి అని భయపడే ఇంటివాళ్ళు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. తెలిసినా ఆపలేరు, ఆపలేకపోతున్నామని సిగ్గుపడి ఇంకా దాస్తారు. కొందరికి చిన్నప్పటి దెబ్బలు, ఒంటరితనం వెనకాల ఉంటాయి, చాలామందికి అలాంటి పెద్ద గాయాలేమీ ఉండవు కూడా. ఏడీహెచ్‌డీ (ఒక పని మీద ధ్యాస నిలవని సమస్య), ఆందోళన, డిప్రెషన్ జతగా కనపడటం ఎక్కువ. మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 పుస్తకంలో దీనికింకా చోటు లేదు.

అందుకే ఇలాంటిది ఉందనిపిస్తే, సైకాలజిస్ట్ దగ్గరకెళ్ళి ఆ ఇంగ్లిష్ పేరు చెప్పి ఊరుకోకండి, వాళ్ళకి ఆ పేరు తెలియకపోవచ్చు. రోజుకి ఎన్ని గంటలు పోతున్నాయి, ఏ పాట వింటే, ఏ టైంకి, ఏ గొడవ తర్వాత మొదలవుతుంది, దానివల్ల నిద్ర, చదువు, వంట, ఆఫీసు ఏది దెబ్బతింటోంది, ఇవి ఒక వారం రాసుకుని ఆ కాగితం తీసుకెళ్ళండి. ఇలా రాసుకోవడం కూడా వైద్యంలో భాగమే, సోమర్ తోటివాళ్ళు ఆన్‌లైన్లో చేసిన ట్రయల్లో మైండ్‌ఫుల్‌నెస్‌తో (ఈ క్షణం మీదే మనసు నిలిపే సాధన) పాటు ఇలా తమని తాము గమనించి రాసుకోవడం కలిపినవాళ్ళలో ఈ ఇబ్బంది తగ్గింది. పక్కన ఏడీహెచ్‌డీయో డిప్రెషనో ఉంటే దానికి మందులు వాడాల్సి రావొచ్చు. దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. ఫోన్ చేసినప్పుడు ఊహల్లో ఏముంటుందో చెప్పాల్సిన పని లేదు, అది మీ సొంతం. ఎంతసేపు, ఎంత తరచుగా, ఆపాలనుకున్నప్పుడు ఆపగలుగుతున్నారా అన్నవి చెప్తే మాట మొదలుపెట్టడానికి సరిపోతుంది.